యాభై లెన్సు, ఖాళీ మేకు

ఆ రోజుల్లో అని మొదలుపెడితే నాకేదో డెబ్బై ఏళ్ళనుకునేరు. అంత లేదు. ఆ రోజుల్లో అంటే మొన్నమొన్నటి రోజులే. ఫోన్లు ఇప్పటిలాగే ఉన్నాయి, తిరుపతి ఎండలు ఇప్పటిలాగే ఉన్నాయి, మా ఇత్తడి సామాన్ల అంగడి కూడా ఇప్పుడున్న చోటే ఉంది. మారిందల్లా నేనే. అప్పట్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. డిగ్రీ అయిపోయి, పగలంతా నాయన అంగట్లో చెంబులకూ బిందెలకూ ధర చెబుతూ, ఖాళీ దొరికితే ఫోన్లో కెమెరాల వీడియోలు చూస్తూ, ఆ వీడియోల్లో మాట్లాడేవాడి తప్పులు కూడా నేనే దిద్దుతూ ఉండేవాణ్ణి (వాడికి వినిపించదు కాబట్టి ఏనాడూ ఎదురు చెప్పలేదు). అన్నీ తెలుసనుకునేవాడికే లోకంలో ఎక్కువ దెబ్బలు తగులుతాయని ఎవరైనా అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది. చెప్పే ఉంటారు, నేనే విని ఉండను. ఆ ఏడాది నేను నోరు తెరుచుకుని కొయ్యబారిపోయినన్ని సార్లు మళ్ళీ నా జన్మలో కొయ్యబారలేదు.

ముందు మా నాయన మీసం గురించి చెప్పాలి. అంగడి బోర్డు మీద తాత పేరు ఉన్నా, ఊరంతా దాన్ని మీసాలాయన అంగడి అనే పిలిచేది. నాయన తక్కువ మాట్లాడతాడు. మిగతాదంతా మీసమే చూసుకునేది. గిరాకీ వచ్చి బేరమాడుతుంటే ఆ గుబురు మీసం ఎడమ కొస కొంచెం పైకి లేచేది. అంతే, ఇంక తగ్గేది లేదని కొండకొచ్చిన ఏ రాష్ట్రం వాళ్ళకైనా భాష రాకుండానే అర్థమయ్యేది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ మీసం కింద పెదవి ఎలా ఉంటుందో నేను చూడలేదు. మా అమ్మ కూడా చూడలేదనే చెబుతుంది. అలాంటి నాయన ముందు ఒకరోజు ధైర్యం చేసి, "నాయనా, నేను ఫోటోలు తీస్తా, అదే పనిగా పెట్టుకుంటా" అన్నాను. మీసం ఎడమ కొస లేచింది. "వచ్చే గంగ జాతర అయిపోనీ. తాళాలగుత్తి నీ చేతికిచ్చేస్తా. ఇంక అంగడి నీది. ఫోటోలంటావా, అంగట్లో కూసోని నీ ఫోనుతోనే తీసుకోప్పా, ఎవరొద్దన్నారు" అన్నాడు. ఆ తాళాలగుత్తి నా చేతికొస్తే నేను కూడా ఆ గల్లాపెట్టె వెనకే మీసం పెంచుకుంటూ ముసలివాణ్ణి అయిపోతాను. జాతరలోగా ఎలాగైనా, కళ్ళు తెరుచుకునేలా ఒక్క మంచి ఫోటో తీసి నాయనకు చూపించాలి. నా ప్రాణం ఆ ఒక్క ఫోటో మీద ఉంది.

దానికి కెమెరా కావాలి కదా. మా వీధి చివర స్టూడియో నడిపే అన్న దగ్గర పెళ్ళి ఆల్బమ్‌లు తయారుచేసి పెడుతూ కొంత కూడబెట్టాను. ఆయన్ను అందరూ జూమన్న అంటారు. పెళ్ళి వీడియోల్లో తాళి కట్టే సమయానికి తాళిని తప్ప మిగతా అన్నిట్నీ, అంటే పంతులుగారి చెవినీ, పక్కన కూర్చుని ఆవులించే తోడిపెళ్ళికొడుకునీ, దగ్గరికి లాగి చూపిస్తాడని ఆ పేరు. నేను ఆయన్ను ఒక్కమాట అడక్కుండానే (అన్నీ తెలుసు కదా) ఆన్‌లైన్లో డిస్కౌంట్ చూసి ఒక మిర్రర్‌లెస్ కెమెరా, అంటే లోపల అద్దం లేని రకం, బుక్ చేశాను. పేరు కింద చిన్న అక్షరాల్లో 'బాడీ మాత్రమే' అని ఉంది. అంటే సంచీ, పట్టీ ఇవ్వరు కాబోలు అనుకున్నాను. పెట్టె వచ్చింది. అగరుబత్తి వెలిగించి మరీ విప్పాను. కెమెరా ఉంది. దాని ముందు, లెన్సు ఉండవలసిన చోట, ప్లాస్టిక్ మూత ఉంది. మూత తీస్తే బొక్క ఉంది. పెట్టెను బోర్లించి దులిపాను. వారంటీ కాగితం రాలింది. అమ్మ వచ్చి ఆ బొక్కలోకి తొంగిచూసి, "ఏందబ్బోడా, దీనికి అద్దం లేదంటివి, సరే అనుకుంటి. ఇప్పుడు కన్ను గూడా లేదంటాండావు. ఇంకేముండాది దీంట్లో?" అంది. నాయన అన్నానికి వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. "గిన్నె లేకుండా మూత కొన్నోణ్ణి ఇన్నేండ్ల యాపారంలో యాడా సూళ్ళేదు" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. కెమెరా పెట్టె బీరువా మీదికెక్కింది. దాని మీద దుమ్ము పడుతుంటే నాయన మీసం రోజురోజుకూ ప్రశాంతంగా కనిపించేది. అది ఎందుకో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక లెన్సు వెతుకులాట. పెళ్ళి సంబంధాలకు కూడా ఇంత విచారణ జరగదు. రోజూ వాడుకోవడానికి, అన్నిటికీ పనికొచ్చేది, నా జేబుకు అందేది ఒక్క లెన్సు కావాలి. జూమన్న దగ్గరికి పోతే ఆయన టీ తాగుతూ తేల్చేశాడు. "మామూలు జూమ్ లెన్సు తీసుకో సామీ. పాతదైనా సరే. పెండ్లికైనా పెద్దకర్మకైనా అదే. ఉన్న సోటు నుంచి కదిలే పనుండదు." నాకు మనసొప్పలేదు. కదలని వాడు ఫోటోగ్రాఫరా? పైగా చవక జూమ్‌తో తీస్తే వెనక గోడ గోడలాగే ఉంటుంది. నాకు వెనక గోడ పాయసంలా కరిగిపోవాలి, ముందు మనిషి ఒక్కడే మెరవాలి. వీడియోల్లో అందరూ జూమ్ లేని ముప్పై అయిదు మిల్లీమీటర్ల లెన్సు మంచిదన్నారు. ఇంట్లో తీయడానికి, బజారులో తీయడానికి అదే సరి. దాని ధర చూశాను. ఫోను బోర్లా పెట్టి, చెంబెడు నీళ్ళు తాగి, మళ్ళీ తిప్పి చూశాను. అదే ధర. చివరికి నా కన్ను యాభై లెన్సు మీద పడింది. చిన్నది, తేలికైనది, ఎప్పటి నుంచో ఉన్న మోడల్, వెనక గోడను కరిగించడంలో దాని తర్వాతే ఎవరైనా. ధర కూడా ఆల్బమ్‌ల డబ్బులో కెమెరాకు పోగా మిగిలినదానితో అందుకోగలిగినంతే. జూమన్న తల పట్టుకున్నాడు. "నీ కెమెరా లోపలి కన్ను చిన్నది సామీ. దానికి యాభై తగిలిస్తే నువ్వు సూసే కిటికీ ఇంకా ఇరుకైపోతాది. ఒక మనిషి మొఖం పట్టాలంటే అంత దూరం పోవాల. మీ ఇంట్లో అంత జాగా యాడుండాది?" నేను నవ్వి ఊరుకున్నాను. పెద్దవాళ్ళు కొత్తవాటిని చూసి అలాగే భయపడతారు పాపం అనుకున్నాను.

లెన్సు జూమన్న స్టూడియోకే వచ్చింది. నాయన అంగట్లో ఉన్న వేళ చూసి ఇంటికి తెచ్చి, బీరువా మీది కెమెరాకు తగిలించి, పొయ్యి దగ్గర దోసె పోస్తున్న అమ్మ వైపు గురిపెట్టాను. కెమెరాలో అమ్మ చెవి కనిపించింది. చెవి, కమ్మ, ఇంకేమీ లేదు. ఒకడుగు వెనక్కి వేశాను. చెవితో పాటు చెంప వచ్చింది. వంటింటి గడప దాటాను, ముక్కు వచ్చింది. హాలు దాటాను, చెయ్యి వచ్చింది, దోసె రాలేదు. వరండా దాటి, మెట్లు దిగి, వీధిలో నిలబడి గురిపెట్టేసరికి అమ్మా, దోసె, పొయ్యీ అన్నీ చక్కగా పట్టాయి. అయితే ఆ మధ్యలో మా ఎదురింటాయన స్కూటరు ఆపి, "ఏమప్పా, సొంతింట్లోకి దొంగసూపులు సూస్తాండావే" అన్నాడు. లోపలి నుంచి అమ్మ, "ఒరే, దోసె సల్లారిపోతాండాది, ఫోటో అయినాదా లేదా?" అని అరిచింది. నేను కెమెరా పట్టుకుని నడివీధిలో నిలబడిపోయాను. రోజువారీ లెన్సట. మా ఇంట్లో రోజూ వీధిలోకి పోయి తీయాలన్నమాట. జూమన్నకు ఈ సంగతి చెప్పకూడదని గట్టిగా అనుకున్నాను.

ఇంట్లో ఆ లెన్సులో నిండుగా పట్టే వస్తువేదైనా ఉందా అని వెతుక్కుంటూ పూజగదిలోకి వెళ్ళాను. అక్కడ గోడకు తాత పటం ఉంది. దాని పక్కన ఖాళీ మేకు ఒకటి ఉంది. ఆ మేకు మా అవ్వది, అంటే నాయన వాళ్ళమ్మది. నాయన చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడే, పూతలపట్టు అవతల మా పల్లెలో ఆమె పోయింది. ఆమెది ఒక్క ఫోటో కూడా లేదు. ఊళ్ళోకి ఫోటోలాయన వచ్చినప్పుడల్లా, "నా మొఖానికి ఫోటో ఒకటి తక్కువైనాదా" అని వంటింట్లోకి పోయేదట. తాత పటం తగిలించిన రోజున నాయన పక్కన ఇంకో మేకు కొట్టించాడు. రోజూ పొద్దున స్నానం చేసి, తాత పటానికి ఒక పువ్వు పెట్టి, ఇంకో పువ్వు ఆ ఖాళీ మేకుకు గుచ్చుతాడు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను కాబట్టి అందరిళ్ళలోనూ మేకులకు పూలు పెడతారనే అనుకునేవాణ్ణి. ఆ మేకునూ దాని చామంతి పువ్వునూ ఫోటో తీశాను. పువ్వు రేకు రేకూ కనిపించింది, వెనక గోడ పాయసంలా కరిగిపోయింది. నేను గంతేశాను. లెన్సు మంచిదే, దానికి దూరమూ, ఒకే ఒక్క మొఖమూ కావాలి. అంతే. అలాంటిది ఎక్కడ దొరుకుతుంది? జాతరలో దొరుకుతుంది.

మా గంగ జాతర తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఎండలు మండే రోజుల్లో వారం పాటు తిరుపతి ఊరు ఊరంతా వేషాలు వేస్తుంది. రోజుకో వేషం. మొక్కుకున్నవాళ్ళు బొగ్గు పూసుకుంటారు, గంధం పూసుకుంటారు, వేపాకు కట్టుకుంటారు. ఆ వేషాల్లో ఉన్నవాళ్ళు ఎదురుపడినవాణ్ణి బూతులు తిట్టినా ఎవరూ ఏమీ అనరు, అది అమ్మవారి తిట్టు, తగిలితే మంచిదే. ఇక మొక్కు గట్టిదైతే మగవాళ్ళు మీసం తీసి, పసుపు పూసుకుని, చీర కట్టి, నగలు పెట్టుకుని, జడ నిండా పూలతో గుడికి పోతారు. ఆ వేషంలో ఉన్న మనిషిని అన్నా అనో మామా అనో పిలవరు. అమ్మా అంటారు, కాళ్ళకు మొక్కుతారు. చిన్నప్పటి నుంచి చూసిందే కాబట్టి మాకు అందులో వింతేమీ లేదు. ఆ ఏడాది జాతరలో చీర వేషాల రోజు పొద్దున్నే నాయన, "సరుకు సూసే పనుండాది, చిత్తూరు పోయొస్తా" అని చెప్పి బయల్దేరాడు. నాయన ఊళ్ళో లేడు, అంగడి మూసి ఉంది, తాళాలగుత్తి ఇంకా నా చేతికి రాలేదు. నాయన కంటపడకుండా మళ్ళీ బీరువా మీదే దాచిన కెమెరాను దించి, మెడలో వేసుకుని జాతరలో పడ్డాను.

జనం, డప్పులు, అంబలి కుండలు, ఎండ. వీధి మలుపులో మజ్జిగ పందిరి పక్కన ఒకామె నిలబడి ఉంది. నిండుగా పసుపు మొఖం, రూపాయంత బొట్టు, ముక్కుకు బులాకీ, ఆకుపచ్చ అంచు పట్టుచీర. నా యాభైకి సరిగ్గా కావలసినంత దూరంలో ఉంది. మొక్కు తీర్చుకునే మగమనిషే అని తెలుస్తూనే ఉంది, కానీ ఆ నిలబడే తీరులో ఏదో పెద్దరికం ఉంది. కెమెరా ఎత్తి, "అమ్మా, కొంచెం ఇట్లా తిరుగమ్మా" అని పిలిచాను. ఆమె తిరిగింది. నన్ను చూసింది. కెమెరాను చూసింది. మళ్ళీ నన్ను చూసింది. ఆ కళ్ళు ఒక్కసారిగా పెద్దవయ్యాయి, పెదవులు వణికాయి, మొఖమంతా నిప్పులాగైంది. అబ్బ, ఏం భావం, ఈమె మీదికి నిజంగానే అమ్మవారు దిగింది అనుకుని టపటపా తీశాను. ఆమె నా వైపు చెయ్యి చాపి ఏదో తిట్టింది. డప్పుల హోరులో ఒక్క ముక్క వినిపించలేదు. పక్కనున్న ఒక అవ్వ నా వీపు తట్టి, "అమ్మ తిట్టు దీవెనప్పా. కాళ్ళు మొక్కు, పో" అంది. పోయి, వంగి, రెండు చేతులతో ఆ పాదాలు పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. లేచి చూస్తే ఆమె కొయ్యలా నిలబడిపోయి ఉంది. "అమ్మా, ఇంకొక్కటి" అని అంత దగ్గరి నుంచి ముక్కు మాత్రమే పడుతుంటే, వెనక్కి వెనక్కి నడిచి మరొకటి కూడా తీసుకున్నాను. ఈలోగా జనం తోసుకొచ్చి ఆమెను గుడి వైపు తీసుకుపోయారు.

ఇంటికి పరుగెత్తుకొచ్చాను. ఫోటోలు కంప్యూటర్లోకి ఎక్కించాను. నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. వెనక జాతర మొత్తం, అన్ని రంగులూ కలిసి పాయసమైపోయింది. మధ్యలో ఆ మొఖం ఒక్కటే మెరుస్తోంది. ఇది చూపిస్తే నాయన తాళాలగుత్తి తిరిగి జేబులో పెట్టుకోవలసిందే. వీడియోల్లో ఒక పద్ధతి చెబుతారు. లెన్సు పదును తెలియాలంటే ఫోటోను పూర్తిగా పెద్దది చేసి కంటి దగ్గర చూడాలట. చూశాను. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేలా ఉన్నాయి. ఈ లెన్సు వద్దని తల పట్టుకున్న జూమన్నకు ఇది చూపించాలి అనుకుంటూ కొంచెం పైకి జరిపాను. కనుబొమలు. ఒక్కొక్క వెంట్రుకా వేరువేరుగా ఉంది. కుడి కనుబొమ మధ్యలో వెంట్రుకలు లేని చిన్న గీత, పాత గాయం మచ్చ. ఆహా, మచ్చ కూడా ఎంత స్పష్టంగా వచ్చింది అని మురిసిపోయాను. మురుస్తూ మురుస్తూ ఆగిపోయాను. ఆ మచ్చ నాకు తెలుసు. కుర్రతనంలో అటక మీది గంగాళం దించుతుంటే అంచు తగిలి తెగిందని, ఆ గంగాళాన్ని అమ్మకుండా అంగట్లో ఇప్పటికీ ఉంచుకున్నాడని నాకు తెలుసు. నా చేతిలో మౌసు జారి కింద పడింది. "అమ్మా" అని అరిచాను.

అమ్మ వచ్చింది. తెర మీద ఫోటో చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. "ఇది నా పెండ్లి సీర" అంది. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుని, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేస్తూ మొత్తం చెప్పింది. పోయిన జాతరకు నాయన గుళ్ళో మొక్కుకున్నాడట. "మావోడికి ఈ కెమెరా పిచ్చి వదిలిస్తే, మీసం తీసి, సీర గట్టి నీ గుడికొస్తా తల్లీ" అని. బొక్క కెమెరా బీరువా మీద దుమ్ము పట్టిపోతుంటే చూసి, అమ్మవారు కరుణించిందని నమ్మాడట. "మరి నేను లెన్సు కొన్న సంగతి నువ్వు చెప్పలేదామ్మా?" అన్నాను. "ఎట్లా సెప్పేది రా? పొద్దున నన్ను మా తమ్మునింటికి పిలిపించి, ఆడ అద్దం ముందర కూసోని మీసం ఒక పక్క తీసేసినాక సెప్పినాడు, ఇది మొక్కని. అర్ధమీసం మనిషికి యామని సెప్పేది? సరే ఇంకో పక్క గూడా తీసెయ్యి అంటి. సీర నేనే కట్టిస్తి. సరుకు సూసేదానికి పోలే, ఆణ్ణించే వేషం గట్టుకోని గుడికి పోయినాడు." నేను తల పట్టుకుని కూర్చున్నాను. నా కెమెరా పిచ్చి పోయినందుకు కృతజ్ఞతగా జీవితంలో మొదటిసారి మీసం తీసేసుకున్న మనిషికి, నేను ఆ కెమెరానే మొఖం ముందు పెట్టి, కొంచెం ఇట్లా తిరుగమ్మా అన్నాను.

పొద్దు వాలక ముందే నాయన వచ్చాడు. పంచె, చొక్కా, మూతికి అడ్డంగా తువ్వాలు. చెవుల వెనక పసుపు ఇంకా పోలేదు. కుర్చీలో కూర్చుని తువ్వాలు తీశాడు. నేను ఉలిక్కిపడ్డాను. ఆ ముఖం నాకు కొత్త. మీసం లేకపోతే నాయన ఎంత మెత్తగా ఉంటాడో నేనెప్పుడూ అనుకోలేదు. ఎడమ పక్క పెదవి పైన ఏదో లేవబోయి, అక్కడ లేచేదేమీ లేక ఆగిపోయింది. "కాళ్ళు మొక్కినావు గదా" అన్నాడు. "నువ్వు పుట్టినాక నా కాళ్ళు మొక్కింది అదే మొదలు. దానికి గూడా నేను సీర కట్టాల్సొచ్చింది." నాకు భయం తప్ప ఏమీ లేదు. ఈ రాత్రికే ఆ కెమెరా బావిలో పడుతుంది, రేపటి నుంచి తాళాలు నా మొలకు వేలాడతాయి. "సూపించు ఆ ఫోటో" అన్నాడు. చూపించాను.

నాయన తెరకు దగ్గరగా వంగాడు. దూరం జరిగాడు. కళ్ళజోడు తెప్పించుకుని మళ్ళీ వంగాడు. తిడతాడని మేమిద్దరం గోడ పక్కన నిలబడి ఉన్నాం. ఆయన చెయ్యి మెల్లగా పోయి తెర మీద ఆ బొట్టును తాకింది. "మాయమ్మ" అన్నాడు. మాకు అర్థం కాలేదు. "మాయమ్మ ఇట్లనే ఉండేది రా. ఇట్లనే సూసేది, కోపమొచ్చినప్పుడు. నేను మర్చిపోయినానే అనుకుంటాంటి" అన్నాడు. ఎప్పుడూ మీసం చాటున ఉండే ఆ పెదవి చిన్నపిల్లవాడి పెదవిలా వణికింది. అంత పెద్ద మనిషి నా ముందు ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. ఏం చేయాలో తెలియక నేను, ఇంత తెలిసినవాణ్ణి, వెళ్ళి ఫ్యాను స్పీడు పెంచాను.

కాసేపటికి నాయన తువ్వాలుతో మొఖం తుడుచుకుని, "దీన్ని ఎంత పెద్దది సెయ్యొచ్చు?" అని అడిగాడు. తాత పటమంత చేయొచ్చని చెప్పాను. "సేయించు. జూమన్నకిచ్చి పోయేది కాదు, నువ్వే దగ్గరుండి సేయించు" అన్నాడు. ధైర్యం చేసి అడిగాను, "నాయనా, మరి మొక్కు? నా పిచ్చి వదల్లేదు గదా." నాయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. "నేనడిగిందొకటి, ఆయమ్మ ఇచ్చిందొకటి. ఇన్నేండ్లు గిరాకీలతో బేరమాడినా గానీ ఆయమ్మతో యాడ ఆడేది" అన్నాడు. తాళాలగుత్తి నా చేతికి రాలేదు. బీరువా మీది కెమెరా మర్నాడు అంగట్లో అద్దాల అలమరలో, దీపపు కుందుల మధ్య కనిపించింది. దుమ్ము పడకుండా అట. గిరాకీ ఎవరైనా అది అమ్మకానికా అని అడిగితే, "కాదు. మావోడు ఫోటోలు తీస్తాడు" అనేవాడు. అప్పటికి కొత్త మీసం మొలకెత్తి, ఎడమ కొస లేవడం మళ్ళీ నేర్చుకుంటోంది.

ఆ పటం ఖాళీ మేకుకు ఎక్కింది. ఆ ఏడాది వినాయక చవితికి మా మేనత్త పల్లె నుంచి వచ్చింది. నాయనకంటే పెద్దది, అవ్వను బాగా ఎరిగున్న మనిషి. జాతర సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. వినాయకుడికి దండం పెట్టడానికి పూజగదిలోకి పోయి, ఎంతసేపటికీ రాలేదు. నేను వెళ్ళి చూస్తే పటం ముందు నేల మీద కూర్చుని ఉంది. "ఎవురు రా రాసినారు ఈ బొమ్మ? అమ్మను సూసినోళ్ళు ఇంకెవురుండారు?" అంది. వెనక నుంచి నాయన వచ్చి నిలబడ్డాడు. ఆమె పటాన్ని చూసింది. తమ్ముణ్ణి చూసింది. కనుబొమలో మచ్చను చూసింది. మళ్ళీ పటంలో మచ్చను చూసింది. ఆమె నోరు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయింది. తర్వాత పడీపడీ నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నవ్వి నవ్వి, కొంగు సర్దుకుని, ఆ పటానికే సాగిలపడి మొక్కింది. "అక్కా, అది నేనే కదా" అన్నాడు నాయన ఇబ్బందిగా. "నువ్వుండు రా, నేను అమ్మకు మొక్కుకుంటాండా" అంది.

ఇప్పుడు నాకు అంగడి పక్కనే చిన్న స్టూడియో ఉంది, ఖరీదైన లెన్సులు కూడా ఉన్నాయి (ఆ ముప్పై అయిదు కూడా, చివరికి). అప్పుడప్పుడూ కుర్రాళ్ళు వచ్చి, "అన్నా, రోజూ వాడేదానికి, ధర అందేదిగా, ఏ లెన్సు కొనేది?" అని అడుగుతారు. వాళ్ళ కళ్ళు చూస్తే నాకు ఆ మెడలో కెమెరా వేసుకుని జాతరలో పడ్డ పిచ్చివాడు గుర్తొస్తాడు. మీ ఇంట్లో ఏదైనా ఖాళీ మేకు ఉందా అని అడగాలనిపిస్తుంది. అడగను. "మామూలు జూమ్ తీసుకో సామీ, పెండ్లికైనా పెద్దకర్మకైనా అదే" అని జూమన్న మాటే చెబుతాను. వాళ్ళు నవ్వి ఊరుకుంటారు. పెద్దవాడు, కొత్తవాటిని చూసి భయపడుతున్నాడు పాపం అనుకుంటారు. తర్వాత ఏ మధ్యాహ్నమో మా వీధిలో పోతుంటే, ఎవరో ఒక కుర్రవాడు సొంతింటి ముందు నడివీధిలో నిలబడి, లోపలి వంటింట్లోకి కెమెరా గురిపెట్టి కనిపిస్తాడు. లోపలి నుంచి వాళ్ళమ్మ ఏదో అరుస్తూ ఉంటుంది. నేను స్కూటరు నెమ్మది చేసి, వాడి ఫోటోకు అడ్డం రాకుండా వాడి వెనకనుంచి పోతాను.